ఫోన్‌తో నడిచే బోరు స్టార్టర్‌కు ఏ సైబర్ చట్టాలు వర్తిస్తాయి?

జడ్చర్ల నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ముగ్గురు స్నేహితులు కలిసి, ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసుకునే బోరు మోటరు స్టార్టర్లు తయారు చేస్తున్నారు. డబ్బాలో సిమ్ ఉంటుంది, రైతు ఫోన్‌లో యాప్ ఉంటుంది. రైతు పేరు, నంబరు, పొలం ఉన్న చోటు, మోటరు ఏ రోజు ఎంతసేపు నడిచిందీ అన్నీ వీళ్ల సర్వర్‌లోకి వస్తాయి. కల్వకుర్తి, అచ్చంపేట, దేవరకొండ, నాంపల్లి దిక్కు 1,400 బోర్లకు బిగించారు. ఇప్పుడు ఒక పెద్ద విత్తనాల కంపెనీ వీళ్లతో కలిసి పనిచేస్తామని ఒప్పంద పత్రం పంపింది. రైతుల వివరాలు తమతో పంచుకోవాలని అందులో ఉంది. ‘సైబర్ భద్రతకు సంబంధించిన అన్ని చట్టాలనూ పాటిస్తున్నాము’ అనే వాక్యం కూడా ఉంది. సంతకం పెట్టొచ్చా, ఏదైనా లైసెన్సు తీసుకోవాలా, జర్మనీలో ఉన్న బావమరిది అక్కడి ద్రాక్ష తోటలకు అమ్ముదామంటున్నాడు, అదెట్ల అని అడిగారు.

తమ్ముడూ, ఇప్పుడే సంతకం పెట్టకండి. ఎందుకో కింద చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

నేను పదిహేడేళ్లుగా కంపెనీల సర్వర్లు, యాప్‌లు తనిఖీ చేసే పనిలో ఉన్నాను. మాది నకిరేకల్ దగ్గర పల్లె. ఇంటి దగ్గర బత్తాయి తోట ఉంది, రెండు బోర్లున్నాయి. అందుకే మీ ప్రశ్న చదువుతుంటే నాకు చట్టం కంటే ముందు మా నాయిన గుర్తొచ్చాడు.

‘సైబర్ భద్రత చట్టం’ అని మన దేశంలో ఒకే చట్టం లేదు. 2000 నాటి ఐటీ చట్టం, దాని కింద సర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ 2022లో ఇచ్చిన ఆదేశాలు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, సిమ్‌ల మీద టెలికాం శాఖ నిబంధనలు ఉన్నాయి. మీ డబ్బా వీటన్నిటి కిందికీ ఎంతో కొంత వస్తుంది. సిమ్ సంగతి పక్కన పెడితే వీటిలో ముందే తెచ్చుకుని గోడకు తగిలించే లైసెన్సు ఏదీ లేదు. ఏదైనా జరిగిన రోజు, అంతకుముందు మీరు ఏం జాగ్రత్త తీసుకున్నారో, తెలిసిన తర్వాత ఎన్ని గంటల్లో ఏం చేశారో అడుగుతారు. ఆ రోజు చూపించడానికి మీ దగ్గర కాగితం, రికార్డు ఉండాలి. ‘అన్ని చట్టాలూ పాటిస్తున్నాము’ అని సంతకం చేసి ఇస్తే, అప్పుడు అవతలివాళ్లు మీ ముందు పెట్టే మొదటి కాగితం అదే అవుతుంది.

ఇక అసలు విషయం. మీరు మామూలుగా రాసి దాటేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ‘రైతులకు గుర్తుండాలని అన్ని డబ్బాలకూ పిన్ 1234 పెట్టినం’ అన్నారు. మిగతా చట్టాలన్నీ తర్వాత, ముందు దీని సంగతి మాట్లాడుకోవాలి.

నాలుగేళ్ల కింద నాయిన కోసం నేను ఇలాంటి స్టార్టరే కొన్నాను. ఎవరు చేసిందో చెప్పను. బిగించిన మర్నాడు హైదరాబాద్‌లో కూర్చుని, వాళ్లకు ఎప్పుడూ ఇవ్వని వేరే నంబరు నుంచి, పుస్తకంలో రాసి ఉన్న పిన్‌తో ఒక ఎస్సెమ్మెస్ పంపాను. అప్పుడు నాయిన డబ్బా దగ్గరే ఉన్నాడు. ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాం కాబట్టి, కొంచెం దూరం జరగమని చెప్పి పంపాను. మోటరు లేచింది. ‘నేను ముట్టలేదురా, ఇదెట్ల నడిసింది?’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆయన చేతిలో టెస్టర్ ఉండి, డబ్బా తలుపు తెరిచి ఉండి, నా స్థానంలో ఎవడో ఆకతాయి ఉండి ఉంటే ఏమయ్యేది? స్టార్టర్ దగ్గర, ఫీజుల దగ్గర షాక్ కొట్టి రైతులు పోయిన వార్తలు మన జిల్లాల్లో చదువుతూనే ఉన్నాం. మోటరు ఆగి ఉంది కదా అని నమ్మి చెయ్యి పెట్టే మనిషి దగ్గర, ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి ఎవరైనా దాన్ని లేపగలిగితే, అది సాఫ్ట్‌వేర్ లోపం అని తేలిగ్గా అనుకునేది కాదు.

చట్టం దీన్ని రెండు వైపుల నుంచి చూస్తుంది. అనుమతి లేకుండా ఆ స్టార్టర్‌ను నడిపినవాడి మీద ఐటీ చట్టం సెక్షన్ 43, 66 పడతాయి. మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. అది వాడి సంగతి. మీ సంగతి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టంలో, లోపమున్న వస్తువు వల్ల కలిగే నష్టానికి తయారీదారు బాధ్యత మీద ఒక అధ్యాయమే పెట్టారు. డిజైన్‌లో లోపం ఉన్నా, ప్రమాదం గురించి సరిపడా హెచ్చరిక ఇవ్వకపోయినా తయారీదారు జవాబు చెప్పాలి. చావు, గాయం, ఇతర ఆస్తికి నష్టం అందులోకి వస్తాయి. మీ డబ్బా కాలితే అది వారంటీ గొడవ. మీ డబ్బా వల్ల రైతు మోటరు కాలితే, మనిషికి దెబ్బ తగిలితే మాత్రం కథ వేరు. వ్యవసాయం వ్యాపారం కదా, రైతు వినియోగదారుడు ఎట్లయితడు అని కొందరు వాదిస్తారు. సొంత కష్టంతో బతుకుదెరువు కోసం కొనుక్కున్న వస్తువు ‘వాణిజ్య అవసరం’ కిందికి రాదని ఆ చట్టమే స్పష్టంగా చెప్పింది.

ఒకే పిన్ అన్నిటికీ పెట్టి అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టంతోనే ఆపేసింది. ఇంట్లో వాడే, నెట్‌కు కలిసే వస్తువుల మీద అక్కడ అలాంటి పాస్‌వర్డు ఉండకూడదు. లోపం కనబడితే ఎవరికి చెప్పాలో, ఎన్నాళ్లు అప్‌డేట్లు ఇస్తారో కూడా రాసి తీరాలి. మన దగ్గర సీసీటీవీ కెమెరాలకు ఇలాంటి భద్రతా పరీక్షలు 2025 ఏప్రిల్ 9 నుంచి తప్పనిసరి అయ్యాయి. ప్రభుత్వం ముందుగా కెమెరాలను పట్టుకుంది. నెట్‌తో నడిచే మిగతా వస్తువుల వంతు రాదని అనుకోవద్దు.

పిన్ విషయంలో ఏం చెయ్యాలంటే, ఫ్యాక్టరీలోనే ప్రతి డబ్బాకూ వేరే పిన్ పడాలి. దాన్ని తలుపు లోపలి వైపు స్టిక్కర్ మీద అచ్చు వేయండి. మొదటిసారి యాప్ తెరిచినప్పుడు రైతు దాన్ని మార్చుకోక తప్పని విధంగా పెట్టండి. నమోదైన నంబరు, పిన్ రెండూ కలిస్తేనే ఆజ్ఞ తీసుకోవాలి. నంబరు ఒక్కటి చాలదు, ఎందుకంటే వేరేవాళ్ల నంబరు చూపిస్తూ ఫోన్ చెయ్యడం మోసగాళ్లకు కొత్త కాదు. ఐదుసార్లు తప్పు కొడితే కొంతసేపు తాళం పడాలి. వీటన్నిటికంటే ముఖ్యం డబ్బా మీద ఒక లోకల్–రిమోట్ స్విచ్. దాన్ని లోకల్‌కు తిప్పితే ప్రపంచంలో ఎవరు ఏం నొక్కినా మోటరు లేవకూడదు. ఆ తెగడం సాఫ్ట్‌వేర్‌లో కాదు, తీగలోనే తెగాలి. దాంతోపాటు మోటరు లేవడానికి పది సెకన్ల ముందు సైరన్. ఖర్చు పెరుగుతుందని మీలో ఒకరు అంటారు, నాకు తెలుసు. పెరగనివ్వండి.

ఇప్పుడు సర్ట్-ఇన్. కంప్యూటర్ల మీద దాడులు జరిగినప్పుడు దేశం మొత్తం మీద చూసుకునే కేంద్ర సంస్థ ఇది, ఐటీ చట్టం సెక్షన్ 70బీ కింద ఏర్పడింది. 2022 ఏప్రిల్ 28న ఇది ఇచ్చిన ఆదేశాలు మీలాంటి చిన్నవాళ్లకు కూడా వర్తిస్తాయి. ‘మాది పార్ట్‌నర్‌షిప్పే కదా, కంపెనీ కాదు కదా’ అనుకోకండి. ఐటీ చట్టం దృష్టిలో వ్యాపారం చేసే భాగస్వామ్య సంస్థ అయినా, ఒక్క మనిషి నడిపే దుకాణమైనా ఆ లెక్కలోకే వస్తుంది. ఏ ఘటనలను తెలియజేయాలో ఆ ఆదేశాల చివర జాబితా ఉంది. నెట్‌తో నడిచే వస్తువుల మీద, వాటి సర్వర్ల మీద జరిగే దాడులు అందులో ఉన్నాయి. అంటే మీ డబ్బా, మీ సర్వర్ రెండూ.

విషయం మీ కంట పడినా, ఇంకెవరైనా మీకు చెప్పినా, అప్పటి నుంచి 6 గంటల్లో సర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. పూర్తి వివరం దొరికేదాకా ఆగాల్సిన పని లేదు. ఆ క్షణానికి మీకు తెలిసింది రాసి పంపితే చాలు, మిగతాది తర్వాత ఇవ్వొచ్చు. లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు సర్వర్‌లోకి వచ్చారు, ఏం చేశారు అనే రికార్డు, 180 రోజులు దాచాలి. అన్ని యంత్రాల గడియారాలూ ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలిసి ఉండాలి. సర్ట్-ఇన్‌తో మాట్లాడే మనిషి ఎవరో ముందే పేరు ఇచ్చి ఉంచాలి. అడిగిన సమాచారం ఇవ్వకపోయినా, ఆదేశాలు పాటించకపోయినా ఏడాది దాకా జైలు, లేదంటే జరిమానా ఉంది. ఆ జరిమానా పరిమితిని 2023లో 1 కోటి రూపాయలకు పెంచారు.

గడియారాల సంగతి చదివి చాలామంది దాటిపోతారు. నేను ఎందుకు పట్టుబడతానో చెప్తాను. కొన్నేళ్ల కింద ఒక రైస్ మిల్లు వాళ్లు నన్ను పిలిచారు. రాత్రికి రాత్రి బిల్లుల కంప్యూటర్లన్నిటికీ తాళం పడింది, డబ్బు కడితేనే తెరుస్తామని తెర మీద రాసి ఉంది. వేబ్రిడ్జి కాంటా కంప్యూటర్ ఒక టైమ్ చూపిస్తోంది, ఆఫీసు సర్వర్ దానికి నలభై నిమిషాలు వెనక ఉంది, రూటర్‌లోనైతే తేదీయే తప్పు. లాగ్‌లు మూడు రోజులవే మిగిలాయి. ఐటీ చట్టం కేసులను ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. వచ్చిన ఇన్‌స్పెక్టర్ మంచి మనిషి, ఓపికగా అడిగాడు: ‘ముందు ఏ కంప్యూటర్‌లోకి వచ్చిండ్రు?’ మేం చెప్పలేకపోయాం. ఎక్కడి నుంచి వచ్చారో చివరికీ తేలలేదు. మూడు గడియారాలూ ఒకే టైమ్ చూపించి ఉంటే తేలేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. యజమాని వడ్ల లెక్కలన్నీ చేతిరాత చీటీల నుంచి మళ్లీ రాయించుకున్నాడు. రెండు నెలలు పట్టింది.

మీ డబ్బాలు సిమ్ నెట్‌వర్క్ నుంచి సమయం తీసుకుంటాయి, బాగానే ఉంటుంది. సర్వర్ గడియారాన్ని ఇవాళే సరిచేయండి, అరగంట పని. లాగ్‌లను 180 రోజులకు కాదు, ఏడాదికి పెట్టేయండి. కారణం తర్వాతి చట్టంలో ఉంది.

డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అసలు బాధ్యతలు అప్పటి నుంచి పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మే నుంచి మొదలవుతాయి. అంత టైమ్ ఉంది కదా అనిపిస్తుంది. కానీ 1,400 మంది రైతుల దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిన పని ఉంది. ఇదివరకు తీసుకున్న అనుమతి మీద నడుస్తున్నవాళ్లు కూడా, చట్టం అమల్లోకి వచ్చాక వీలైనంత త్వరగా ఆ మనుషులకు ‘మీ వివరాలు ఇవి మా దగ్గర ఉన్నాయి, ఇందుకు వాడుతున్నాం’ అని నోటీసు ఇవ్వాలి. ఇంగ్లిష్‌లోనైనా, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు ఉండాలి. అంటే తెలుగులో ఉండాలి. మీ యాప్‌లో ఇప్పుడున్న ఇంగ్లిష్ నిబంధనలు నేను చదివాను. దాన్ని ఏ రైతూ చదవడు. నాలుగు వాక్యాల్లో, మీ అమ్మకు చెప్పినట్టు రాయండి.

ఈ చట్టంలో మీకు నేరుగా తగిలేది విత్తనాల కంపెనీ ముచ్చటే. రైతు తన నంబరు, పొలం చోటు మీకు ఎందుకిచ్చాడు? మోటరు నడవడానికి. ఏ పొలంలో ఎన్ని గంటలు నీళ్లు పారుతున్నాయో తెలిస్తే అక్కడ వరి ఉందో పత్తి ఉందో, వచ్చే యాసంగికి ఏ విత్తనం అమ్మొచ్చో తేలిగ్గా ఊహించొచ్చు. ఆ కంపెనీకి కావాల్సింది అదే, మీ స్టార్టర్ కాదు. నేను తొందరపడి అనుమానిస్తున్నానని అనుకోకండి, అలాంటి ఒప్పందాలు నేను చాలా చూశాను. ఒక పనికి ఇచ్చిన వివరాలను ఇంకో పనికి వాడాలంటే విడిగా, తెలిసి, ఇష్టపూర్వకంగా ఇచ్చిన సమ్మతి ఉండాలి. ‘దీనికి ఒప్పుకుంటేనే యాప్ నడుస్తుంది’ అని ముడిపెడితే అది సమ్మతి కిందికి రాదు. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండాలి.

2027 దాకా ఏం చేసినా చెల్లుతుందనుకుంటే పొరపాటు. ఐటీ చట్టం సెక్షన్ 72ఏ ఇప్పుడే ఉంది. ఒప్పందం మీద సేవ చేస్తూ సంపాదించిన వ్యక్తిగత సమాచారాన్ని, అక్రమ లాభం కోసమో, నష్టం కలుగుతుందని తెలిసో, ఆ మనిషి సమ్మతి లేకుండా వేరేవాళ్లకు ఇస్తే మూడేళ్ల దాకా జైలు, 25 లక్షల దాకా జరిమానా. సెక్షన్ 43ఏ గురించి కూడా మీరు వినే ఉంటారు. అది పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, ఆరోగ్య వివరాలు, వేలిముద్రల లాంటి ‘సున్నితమైన’ సమాచారానికి సంబంధించినది. పొలం లొకేషన్, ఫోన్ నంబరు ఆ జాబితాలో లేవు, కానీ మీ యాప్ పాస్‌వర్డులు ఉన్నాయి. వాటిని మామూలు అక్షరాల్లో అట్లనే దాస్తున్నారని మీ ప్రశ్న చదివితే నాకు అనిపించింది. అదే నిజమైతే ఈ వారంలోనే మార్చండి. అట్ల నష్టపోయిన రైతు ఐటీ చట్టం సెక్షన్ 46 కింద రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి ముందు పరిహారం అడగొచ్చు. 5 కోట్ల దాకా ఉన్న క్లెయిములను ఆయనే విచారిస్తారు. అచ్చంపేట రైతుకు ఈ దారి ఉందని ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొత్త చట్టం బాధ్యతలు మొదలయ్యాక 43ఏ పోతుంది. కొత్త చట్టంలో జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది తప్ప నష్టపోయినవాడికి అందులో రూపాయి రాదు. ఇది ఆ చట్టంలో పెద్ద లోటు. ఆ లోటును రైతు తరఫున నేను మనస్ఫూర్తిగా తప్పుపడతాను.

జరిమానాలు మాత్రం పెద్దవే. తగిన భద్రత పెట్టకపోతే 250 కోట్ల దాకా, డేటా పోయిన సంగతి చెప్పకపోతే 200 కోట్ల దాకా. మీ మీద అంత వేస్తారని కాదు. తప్పు ఎంత తీవ్రమైంది, ఎన్నాళ్లు సాగింది, తెలిసాక మీరేం చేశారు అన్నవి చూసి, ఈ చట్టం కింద జరిమానాలు వేసే డేటా రక్షణ బోర్డు నిర్ణయిస్తుంది. డేటా పోతే బోర్డుకు వెంటనే చెప్పాలి, 72 గంటల్లో పూర్తి వివరం ఇవ్వాలి. నష్టపోయిన ప్రతి రైతుకూ ఆలస్యం లేకుండా, అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఇక్కడ మీకో సౌకర్యం ఉంది. మీ సర్వర్ ఇప్పటికే రైతులకు ‘మోటరు ఆగింది’ అని వాయిస్ కాల్ చేస్తుంది కదా. చదవలేని రైతుకు అదే దారి. ఆ కాల్‌లో చెప్పాల్సిన మాటలు ఇవాళే రికార్డు చేసి పెట్టుకోండి, గాభరాలో ఉన్న రోజు సరైన మాట నోటికి రాదు. లాగ్‌లు కనీసం ఏడాది ఉంచాలన్నది ఈ నియమాల్లోనే ఉంది.

1,400 నంబర్ల జాబితా పోతే ఏమవుతుంది, అందులో రహస్యం ఏముంది అని అడగొచ్చు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లోకి యాప్ ఎక్కేవి) పంపి ఖాతాలు ఖాళీ చేసిన మోసాలు మీకు తెలుసు. రేపు ఒకడు ఫోన్ చేసి, పేరు పెట్టి పిలిచి, ‘మీ రెండో బోరు స్టార్టర్ రీఛార్జి అయిపోయింది, ఈ లింకు నొక్కి 99 రూపాయలు కట్టండి’ అంటే ఏ రైతు నమ్మడు? ఊరు, బోరు, పేరు అన్నీ సరిగ్గా చెప్తున్నాడాయె. మీ జాబితా విలువ అక్కడ ఉంది. అట్ల ఎవరికైనా డబ్బు పోతే ఒక్క నిమిషం ఆగకుండా 1930కి ఫోన్ చేయమని మీ డబ్బా మీదే అచ్చు వేయండి. తెలంగాణలో ఆ ఫిర్యాదులను సైబర్ సెక్యూరిటీ బ్యూరో చూస్తుంది. ఎంత తొందరగా చెప్తే, డబ్బు ఖాతాలు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంకో చిక్కు మన దిక్కు ప్రత్యేకం. పట్టా ఒకరి పేరు మీద ఉంటుంది, బోరు నడిపేది కౌలు రైతు. నంబరు కౌలు రైతుది, లొకేషన్ పట్టాదారు పొలానిది. సమ్మతి ఎవరి దగ్గర తీసుకోవాలి? ఎవరి నంబరు, ఎవరి పేరు మీ సర్వర్‌లో ఉందో ఆ మనిషి దగ్గర. కౌలు మారగానే పాత నంబరు తీసేసే పద్ధతి పెట్టండి. ఇది డేటా చట్టం కోసం మాత్రమే కాదు, నిరుటి కౌలుదారు కోపంతో ఈ ఏడు మోటరు నడిపే వీలు లేకుండా కూడా. పట్టా పాసుబుక్కు, ఆధార్ జిరాక్సులు తీసుకుంటున్నామన్నారు. స్టార్టర్ అమ్మడానికి ఆధార్ ఎందుకు? మానేయండి, ఉన్న జిరాక్సులు చించేయండి. మీ దగ్గర లేని కాగితం ఎవరూ దొంగిలించలేరు.

సిమ్‌ల విషయం త్వరగా చెప్పేస్తాను. యంత్రాల్లో పెట్టే సిమ్‌లకు 13 అంకెల నంబర్లతో ఎం2ఎం (యంత్రం నుంచి యంత్రానికి) సిమ్‌లు వేరే ఉన్నాయి, ముందే ఖరారు చేసిన నంబర్లకు మాత్రమే కాల్, ఎస్సెమ్మెస్ వెళ్లేట్టు వాటికి కట్టడి ఉంటుంది. అలాంటి సేవ ఇచ్చేవాళ్లు టెలికాం శాఖ దగ్గర నమోదు చేసుకోవాలని 2022 ఫిబ్రవరిలో పద్ధతి పెట్టారు. మీరు అడిగిన ‘లైసెన్సు’కు దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. మీ కుర్రవాళ్ల పేర్ల మీద తీసిన మామూలు సిమ్‌లు డబ్బాల్లో పెడుతుంటే వెంటనే ఆపండి. చెల్లింపులకు గేట్‌వే, అంటే మీ తరఫున డబ్బు తీసుకునే వేరే సంస్థ సేవ, వాడుతున్నారు కాబట్టి కార్డు నంబర్లు మీ దగ్గర దాచకుండా చూసుకుంటే చాలు. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు వాటిని దాచకూడదని రిజర్వు బ్యాంకు ఆపేసింది.

జర్మనీ. బావమరిదికి తొందరపడవద్దని చెప్పండి. యూరప్‌లో సైబర్ రెజిలియన్స్ చట్టం 2024 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. వస్తువు ఎక్కడ తయారైనా, అక్కడ అమ్మితే వర్తిస్తుంది. జడ్చర్ల అయినా అంతే. 2026 సెప్టెంబరు 11 నుంచి, మీ వస్తువులోని లోపాన్ని ఎవరైనా వాడుకుని దాడి చేస్తున్నారని తెలిసిన 24 గంటల్లో తొలి సమాచారం, 72 గంటల్లో వివరం ఇవ్వాలి. మిగతా బాధ్యతలన్నీ 2027 డిసెంబరు 11 నుంచి. వస్తువు అంతకంటే తక్కువ కాలం వాడేదైతే తప్ప కనీసం ఐదేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇవ్వాలి, లోపల వాడిన సాఫ్ట్‌వేర్ ముక్కలన్నిటి జాబితా తయారుగా ఉండాలి, యూరప్ నిబంధనలకు తగ్గట్టు ఉందని చూపే సీఈ గుర్తు ఉండాలి. ముఖ్యమైన నిబంధనలు మీరితే కోటిన్నర యూరోలు లేదా ప్రపంచవ్యాప్త అమ్మకాల్లో రెండున్నర శాతం, ఏది ఎక్కువైతే అంత దాకా జరిమానా. ఇంకా దగ్గరిది ఒకటుంది. మీ డబ్బాలో రేడియో ఉంది, నెట్‌కు కలుస్తుంది. అలాంటి వాటికి అక్కడ భద్రతా నిబంధనలు 2025 ఆగస్టు 1 నుంచే నడుస్తున్నాయి. మీ బావమరిది తెప్పించి అమ్మితే దిగుమతిదారుగా ఆయనకూ బాధ్యతలు వస్తాయి. తన సొంత పేరు అచ్చు వేసి అమ్మితే చట్టం దృష్టిలో ఆయనే తయారీదారు. బంధుత్వంలో ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. నన్నడిగితే ఇక్కడి 1,400 డబ్బాలు సరిచేసుకున్నాక ఆ సంగతి చూడండి. ఇక్కడ సరిచేసిందే అక్కడ సగం పని అవుతుంది.

చివరికి ఆ ఒప్పందం. ‘అన్ని చట్టాలూ’ అన్న వాక్యం కొట్టేయించి, ఈ ఈ పనులు చేస్తున్నాం అని రాయించండి: డబ్బాకో పిన్, ఏడాది లాగ్‌లు, ఘటన జరిగితే ఇన్ని గంటల్లో మీకు చెప్తాం, ఇలా. వాళ్లు మీకు చెప్పాల్సింది కూడా అందులో ఉండాలి. వాళ్ల వైపు నుంచి డేటా పోతే మీ 6 గంటలు మీకు తెలిసినప్పటి నుంచి మొదలవుతాయి, వాళ్లు దాచిపెడితే మీరు రైతుకు చెప్పలేరు. రైతుల వివరాలు పంచే పేరా మొత్తం తీసేయమనండి. వాళ్లు ఆ రైతులకు కబురు పంపాలనుకుంటే మీరే మీ యాప్‌లో, అడిగి ఒప్పుకున్న రైతులకు మాత్రమే పంపుతామని చెప్పండి. దానికి ఒప్పుకోకపోతే ఆ ఒప్పందం మీకు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. నష్టపరిహారం పేరాలో పరిమితి లేకపోతే పరిమితి పెట్టించండి. ఈ ఒక్క పేరా కోసమైనా జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే మంచి వకీలుకు చూపించండి, ఫీజు పెట్టినా నష్టం లేదు.

పాత డబ్బాల పిన్‌లు మార్చడానికి 1,400 పొలాలకు ఎప్పుడు తిరగాలి అని మీకు గుబులుగా ఉంటుంది. అందరి దగ్గరికీ ఒకేసారి పోనక్కర్లేదు. సర్వర్ నుంచే కొత్త పిన్ పంపగలిగే కొత్త మోడల్ డబ్బాలకు ఈ వారమే పంపి, కొత్త పిన్ ఏమిటో వాయిస్ కాల్‌లో రైతుకు చెప్పండి. ఎస్సెమ్మెస్ ఒక్కటే తీసుకునే పాత డబ్బాలు ఎన్ని ఉన్నాయో విడిగా రాసుకోండి. వాటిలో స్టార్టర్ ఇంటికి దూరంగా, వాగు ఒడ్డున, గెట్ల మీద ఉన్నవి ముందు. వాటికి పిన్ మార్చేదాకా రిమోట్ ఆన్‌ను ఆపేసి, ఆఫ్ మాత్రమే పనిచేసేట్టు పెట్టండి. రైతులు కోప్పడతారు, మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఎందుకు ఆపారో నిజం చెప్పండి. మెకానిక్ ఎప్పుడు వస్తాడో తేదీ చెప్పి, ఆ తేదీకి పంపండి.